మిషిగన్ రెసిడెన్షియల్ కాలేజ్‌లో మొదటి ఏడాది: కాంటన్ నుంచి అడిగిన తండ్రిగారికి

నమస్తే అండీ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరుండేది మిషిగన్ రాష్ట్రంలోని కాంటన్‌లో. అమ్మాయికి ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది, ఇంటి నుంచి కారులో అరగంట. ఇంజనీరింగ్ వద్దని లిబరల్ ఆర్ట్స్, అంటే సాహిత్యం, చరిత్ర, సైన్సు లాంటి విషయాలు కలిపి చదివే చదువు, తీసుకుంది. అక్కడ రెసిడెన్షియల్ కాలేజ్ అని ఒకటుంది, అందులో ఉండి చదువుతానంటోంది. "ఇంటి పక్కనే కాలేజీ పెట్టుకుని హాస్టల్ ఖర్చు ఎందుకు? అందరూ ఒకేచోట ఉంటే చదువు సాగుతుందా, కబుర్లు సాగుతాయా?" అని అడిగారు.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. గుంటూరులో డిగ్రీ చేసి 1999లో అమెరికా వచ్చాను. మాస్టర్స్ చదివే రెండేళ్లూ ఇలాంటి విద్యార్థుల వసతి హాల్లోనే, మొదటి ఏడాది పిల్లల మధ్య, గదీ భోజనం ఇచ్చి పని చేయించుకునే ఉద్యోగంలో ఉన్నాను. ఆ తర్వాత పదిహేనేళ్లకు పైగా మిడ్‌వెస్ట్‌లోనే ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో అకడమిక్ అడ్వైజర్‌గా, అంటే ఏ కోర్సులు తీసుకోవాలో పిల్లలకు సలహా చెప్పే పనిలో ఉన్నాను. మన తెలుగు పిల్లలు చాలామంది నా బల్ల ముందు కూర్చున్నారు.

ముందే చెప్పేస్తాను. అమ్మాయిని అక్కడ ఉండనివ్వండి. కానీ ఉండనిస్తే పూర్తిగా ఉండనివ్వండి. సగం అక్కడ, సగం ఇంట్లో అన్నట్టయితే మాత్రం రోజూ ఇంటి నుంచి వెళ్లి రావడమే నయం. ఎందుకంటానో చెబుతాను.

"రెసిడెన్షియల్" అనగానే మనకు కళ్ల ముందుకొచ్చేది ఇంటర్ క్యాంపస్. తెల్లవారుజామున స్టడీ అవర్, వారం వారం టెస్టు, ఔటింగ్ పాస్, ఆదివారం గేటు దగ్గర పచ్చడి సీసాలతో అమ్మానాన్నలు. మీరూ ఆ దారినే వచ్చి ఉంటారు. ఇది వేరు. పోలిక కావాలంటే సర్వేల్ గురుకులం గుర్తు తెచ్చుకోండి. 1971లో పి.వి. నరసింహారావు గారి చొరవతో అప్పటి నల్గొండ జిల్లాలో మొదలైన బడి అది. అక్కడ చదివిన వాళ్లను అడిగితే తరగతిలో చెప్పిన పాఠాల కంటే, సాయంత్రం పూట అదే మాస్టారితో మాట్లాడిన మాటల గురించే ఎక్కువ చెబుతారు. రెసిడెన్షియల్ కాలేజ్ వెనకున్న ఆలోచన కూడా అదే. పాఠం చెప్పే చోటూ, తినే చోటూ, పడుకునే చోటూ ఒకటైతే మాట మధ్యలో తెగిపోదు.

అమెరికాలో ఈ పద్ధతికి పెద్ద ప్రయత్నం జరిగింది విస్కాన్సిన్‌లో. మన వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు పాఠాలు చెప్పిన మాడిసన్ క్యాంపస్‌లోనే, 1927లో అలెగ్జాండర్ మైకల్‌జాన్ అనే ఆయన ఎక్స్‌పెరిమెంటల్ కాలేజ్ పెట్టాడు. ఆడమ్స్ హాల్ అనే వసతి గృహంలోనే విద్యార్థుల గదులు, అందులోనే అధ్యాపకుల ఆఫీసులు. మొదటి ఏడాదంతా క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దపు ఏథెన్స్ నగరం, రెండో ఏడాది అమెరికా. ఈ రెండింటి మధ్య వచ్చే వేసవిలో ఎవరి ఊరికి వాళ్లు వెళ్లి, ఆ ఊరి బతుకు గురించి ఒక పెద్ద వ్యాసం రాసుకురావాలి. నాకు అందులో బాగా నచ్చేది ఈ వేసవి పనే. దూరంగా ఉండి చూడటం నేర్చుకున్న కళ్లతో సొంత ఊరిని చూడమనడం. ఆ కాలేజ్ 1932లో మూతపడింది. డబ్బుకు కటకటగా ఉన్న రోజులు, చేరే వాళ్లు తగ్గారు. దానికి తోడు ఆ హాలు వాళ్లు మిగతా క్యాంపస్‌కు దూరంగా తమలో తాము ఉండిపోయారన్న అసంతృప్తి కూడా బయట పెరిగింది. ఈ ఆఖరి మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఆ తర్వాత 1960లలో పెద్ద విశ్వవిద్యాలయాల్లోకి పిల్లలు వేలల్లో వచ్చి పడేసరికి, ఈ జనంలో ఒక్కో విద్యార్థికి మొహం ఎక్కడుంటుందన్న బెంగ మళ్లీ మొదలైంది. మిషిగన్ రాష్ట్రంలోనే చూడండి. ఈస్ట్ లాన్సింగ్‌లోని మిషిగన్ స్టేట్‌లో 1967లో జేమ్స్ మాడిసన్ కాలేజ్, లైమన్ బ్రిగ్స్ కాలేజ్ వచ్చాయి. అదే 1967లో ఆన్ ఆర్బర్‌లో మీ అమ్మాయి చెబుతున్న రెసిడెన్షియల్ కాలేజ్ మొదలైంది. ఈస్ట్ క్వాడ్ అనే పాత ఇటుక భవనం దాని ఇల్లు. తరగతి గదులు, అధ్యాపకుల ఆఫీసులు, కీన్ థియేటర్ అనే చిన్న నాటకశాల, భోజనశాల అన్నీ అందులోనే. మొదటి రెండేళ్లు విద్యార్థులు అక్కడే ఉంటారు. మొదటి ఏడాది ఒక చిన్న సెమినార్, అంటే కొద్దిమంది కూర్చుని చర్చించే తరగతి, ఉంటుంది, రాయడం మీదే దాని పట్టు. ఒక పరాయి భాషను ఇంటెన్సివ్‌గా చదవాలి. మధ్యాహ్నం భోజనం బల్ల దగ్గర కూడా ఆ భాషలోనే మాట్లాడుకునే ఏర్పాటుంది. రెసిడెన్షియల్ కాలేజ్ కోర్సుల్లో గ్రేడుతో పాటు, విద్యార్థి ఎలా పని చేసిందో అధ్యాపకులు మాటల్లో రాసి ఇస్తారు. మీరు ఆ రాతను తేలిగ్గా తీసుకోకండి. "ఏ మైనస్" అన్న రెండక్షరాలు చెప్పలేనిది, "వాదన బాగా మొదలుపెట్టి ముగింపులో భయపడుతోంది" అన్న ఒక్క వాక్యం చెబుతుంది.

మీరు భయపడుతున్న కబుర్ల విషయానికి వస్తాను. నేను హాల్లో పని చేసిన రోజుల్లో ఒక బుధవారం రాత్రి జరిగింది చెబుతాను. గురువారం ఉదయం సెమినార్ వ్యాసం ఇవ్వాలి. మరణశిక్ష పడ్డ సోక్రటీసును స్నేహితులు జైలు నుంచి తప్పిస్తామన్నా ఆయన ఎందుకు ఒప్పుకోలేదు, అది సరైనదేనా అన్నది అంశం. రాత్రి పదకొండు దాటింది. లాంజ్‌లో నేల మీద ఐదారుగురు కూర్చున్నారు, ఒకరి ఒళ్లో ల్యాప్‌టాప్, ఒకరి చేతిలో పాలల్లో వేసుకు తినే సీరియల్ గిన్నె. వాళ్లలో మన తెలుగమ్మాయి ఒకతి ఉంది. ఆమె వాదన ఏమిటంటే, మాట ఇచ్చాక తప్పకూడదు, పౌరుడు చట్టానికి ఇచ్చిందీ మాటే. దానికి తోడుగా హరిశ్చంద్రుడి కథ ఎత్తుకుంది. రాజ్యం పోయినా, భార్యాబిడ్డలను అమ్ముకోవాల్సి వచ్చినా, కాటికాపరిగా మారినా ఆడిన మాట తప్పలేదని చాలా బాగా చెప్పింది. అందరూ చెవులు రిక్కించి విన్నారు. మిషిగన్ ఉత్తరాన పాడి ఆవులున్న ఇంటి నుంచి వచ్చిన ఇంకో పిల్ల, కథంతా విని, "మరి ఆ భార్యను, కొడుకును ఎవరైనా అడిగారా?" అంది.

గది నిశ్శబ్దమైపోయింది. మన అమ్మాయి నోట మాట రాలేదు. చిన్నప్పటి నుంచి విన్న కథ. నాకూ అంతే, చంద్రమతి వైపు నుంచి నేనూ ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రాత్రి ఆమె వ్యాసం మళ్లీ మొదటి నుంచి రాసింది. మాట ఇచ్చిన వాడు తన ఒక్కడి ప్రాణం పెడితే ఒక లెక్క, పక్కవాళ్ల బతుకు పెడితే ఇంకో లెక్క అని. సోక్రటీసుకూ పిల్లలున్నారు కదా అన్న చోట ఆగింది. మర్నాడు తరగతిలో అదే చర్చ గంటన్నర సాగిందని ప్రొఫెసర్ నాతో చెప్పారు.

ఆ పల్లెటూరి పిల్ల ఆ ప్రశ్న తరగతిలో, ఇరవైమంది మధ్య చెయ్యెత్తి అడిగేది కాదు. కాళ్లకు సాక్సులతో, నేల మీద, అర్ధరాత్రి కాబట్టి అడిగింది. మన అమ్మాయి కూడా తరగతిలో అయితే హరిశ్చంద్రుడి ఊసు ఎత్తేది కాదు, ఇక్కడెవరికి తెలుసులే అని ఊరుకునేది. ఇంటి నుంచి వచ్చి వెళ్లే విద్యార్థికి క్లాసు దొరుకుతుంది, లైబ్రరీ దొరుకుతుంది, ప్రొఫెసర్‌ను ఆఫీసులో కలిసే ఆఫీస్ అవర్స్ దొరుకుతాయి. ఈ బుధవారం రాత్రి మాత్రం దొరకదు. మీరు కట్టే గది డబ్బులో నా లెక్క ప్రకారం పెద్ద వాటా దానికే.

అందుకే "పూర్తిగా" అన్నాను. ఇక్కడ నా మనసులో గుచ్చుకుని ఉన్న సంగతొకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట మా దగ్గర ఇలాంటి కమ్యూనిటీలోనే ఒక తెలుగబ్బాయి చేరాడు. ఇల్లు నలభై నిమిషాల దూరం. ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదింటికి పార్కింగ్ లాట్‌లో కారు వచ్చి ఆగేది. భుజాన ఉతకాల్సిన బట్టల మూట వేసుకుని వాడు గది నుంచి కిందికి దిగి వచ్చి ఆ కారెక్కేవాడు. ఆదివారం రాత్రి తొమ్మిదికి మడతపెట్టిన బట్టలతో, అమ్మ చేసిన పులిహోర డబ్బాలతో తిరిగొచ్చేవాడు. తల్లిదండ్రుల ప్రేమ అది, తప్పు పట్టడానికేముంది? కానీ ఇక్కడ స్నేహాలు కుదిరేది శని, ఆదివారాల్లోనే. శనివారం ఆట చూడటానికి గుంపుగా వెళ్లడం, రాత్రి నాటకం రిహార్సల్, ఆదివారం సాయంత్రం రేపటి పాఠం కోసం లాంజ్‌లో చేరడం, అన్నిటికీ వాడు లేడు. సెప్టెంబర్‌లో "వస్తావా?" అని అడిగేవాళ్లు. అక్టోబర్‌కి అడగడం మానేశారు, కోపంతో కాదు, అలవాటు తప్పింది. నవంబర్‌లో నా ఆఫీసుకు వచ్చి, "వాళ్లంతా ఎప్పుడో ఫ్రెండ్స్ అయిపోయారు, నాకు అక్కడ చోటు లేదు" అన్నాడు. డిసెంబర్‌లో గది ఖాళీ చేశాడు.

ఆ పిల్లవాడి తల్లిదండ్రులకు ఒక్క ఫోన్ చేద్దామని ఎంతగా అనిపించిందో. చేయకూడదు. 1974 నాటి ఫెర్పా అనే చట్టం ప్రకారం, కాలేజీలో చేరిన విద్యార్థి చదువు రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. అనుమతి లేకుండా మేం ఆ వివరాలు తల్లిదండ్రులతో మాట్లాడం. ఫీజు మీరు కడుతున్నా సరే, మీ అమ్మాయి గ్రేడు మీకు నేరుగా రాదు. ఈ సంగతి చాలామంది మనవాళ్లకు మొదటి సెమిస్టర్ అయ్యాక తెలుస్తుంది, ఇంట్లో గొడవ అవుతుంది. మీరు ఆగస్టులోనే అమ్మాయితో కూర్చుని, ఏం చెప్పాలనుకుంటోంది, ఏం తనలోనే ఉంచుకుంటుంది అన్నది మాట్లాడుకోండి.

కాబట్టి నా సలహా ఇది. ఆగస్టు చివర్లో దింపి వచ్చాక, అక్టోబర్ మధ్యలో వచ్చే ఫాల్ బ్రేక్ సెలవుల దాకా ఇంటికి తీసుకురాకండి. మీకు ఉండబట్టకపోతే మీరే వెళ్లండి, కలిసి భోజనం చేయండి, రెండు గంటల్లో వచ్చేయండి. దసరా ఈ మధ్యలోనే వస్తే మనసు పీకుతుంది, తెలుసు. ఆ పూట అమ్మాయి తన ఫ్లోర్ వాళ్లను ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని మీ ఇంటికి భోజనానికి వస్తే అంతకంటే మంచిది లేదు. బట్టలు అక్కడే ఉతుక్కోనివ్వండి.

ఇబ్బందులు లేవని చెప్పను. మొదటిది భాష. కోర్సు బరువును క్రెడిట్లలో లెక్కిస్తారు, ఇంటెన్సివ్ కోర్సు అంటే ఒక సెమిస్టర్‌కు ఎనిమిది క్రెడిట్లు. మామూలుగా సెమిస్టర్‌కు పదిహేను క్రెడిట్లు తీసుకుంటారు కాబట్టి సగం పైచిలుకు భాషకే పోతుంది. స్కూల్లో స్పానిష్ నాలుగేళ్లు చదివి ఉంటే, ఏ స్థాయిలో చేర్చాలో తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్ష శ్రద్ధగా రాయమనండి, పై స్థాయిలో చేరే వీలుంటుంది. కొత్త భాష మొదటి నుంచి మొదలుపెట్టేటట్టయితే ఆ సెమిస్టర్‌లో కాల్క్యులస్ లాంటి బరువైన కోర్సు పక్కన పెట్టమనండి. దీని మీద అడ్వైజర్‌తో జూన్‌లోనే మాట్లాడాలి.

రెండోది చిన్న ఊరి గొడవ. అవే మొహాలు తరగతిలో, భోజనశాలలో, బాత్రూమ్ దగ్గర. రూమ్మేట్‌తో పేచీ వచ్చినా, ఎవరితోనైనా మనస్పర్థ వచ్చినా తప్పించుకోవడానికి చోటుండదు. మొదటి వారంలో రూమ్మేట్ ఒప్పందం అని ఒక కాగితం నింపిస్తారు. లైట్లు ఎప్పుడు ఆర్పాలి, అతిథులు ఎంతసేపు ఉండొచ్చు, ఎవరి వస్తువులు ఎవరు వాడొచ్చు. పిల్లలు మొహమాటపడి అన్నిటికీ "నాకేం ఫర్వాలేదు" అని రాసేస్తారు. మన అమ్మాయిలు మరీను. ఫర్వా ఉన్నవి రాయమనండి. పదకొండింటికి నిద్ర పట్టాలంటే పదకొండు అని రాయాలి.

మైకల్‌జాన్ కాలేజ్ గురించి ఇందాక గుర్తుంచుకోమన్నది ఇక్కడే. అదే లోకం అయిపోకూడదు. వారానికి ఒక్కటైనా ఆ భవనం బయట పని ఉండాలి. పెద్ద లెక్చర్ హాల్లో ఒక కోర్సో, కూచిపూడి బృందమో, క్యాంపస్ పత్రికో. అన్నీ ఈస్ట్ క్వాడ్‌లోనే దొరుకుతున్నాయి కదా అని చలికాలంలో కోటు వేసుకోకుండా రోజులు గడిపేసే పిల్లలుంటారు. ఫిబ్రవరి వచ్చేసరికి వాళ్ల మొహాల్లో అది కనిపిస్తుంది.

ఇంకో మాట ఇది చదువుతున్న మిగతా తల్లిదండ్రుల కోసం. పేరు చూసి మోసపోకండి. నేను దగ్గరగా చూసిన ఒకచోట "లెర్నింగ్ కమ్యూనిటీ" అంటే ఒక ఫ్లోర్ గోడ మీద రంగులతో పెయింటు చేసిన పేరు, నెలకోసారి పిజ్జా. కలిసి చదివే కోర్సు లేదు, అధ్యాపకుడు గడప తొక్కడు. దానికి విడిగా ఫీజు కూడా తీసుకున్నారు. ఎక్కడైనా సరే, క్యాంపస్ చూడటానికి వెళ్లినప్పుడు ఒకటి అడగండి: మొదటి సెమిస్టర్‌లో ఈ ఫ్లోర్ పిల్లలంతా కలిసి కూర్చునే క్లాసు ఏది, అది చెప్పే ప్రొఫెసర్ ఆఫీసు ఏ భవనంలో ఉంది? జవాబు చెప్పడానికి తడబడితే అది మామూలు హాస్టలే. మిషిగన్ రెసిడెన్షియల్ కాలేజ్‌లో ఈ రెంటికీ జవాబు ఈస్ట్ క్వాడ్ గోడల మధ్యే ఉంది కాబట్టే మీకు ధైర్యంగా చెబుతున్నాను.

ఉద్యోగం సంగతి మీరు అడగలేదు కానీ ప్రశ్న వెనక అదే ఉందని నాకు తెలుసు. రెసిడెన్షియల్ కాలేజ్ వేరే విశ్వవిద్యాలయం కాదు, మిషిగన్ విశ్వవిద్యాలయంలోని సాహిత్యం, సైన్సు, కళల కాలేజ్‌లో భాగం. పట్టా ఆ కాలేజ్‌దే. అమ్మాయి నాటకమో సృజనాత్మక రచనో మేజర్‌గా, అంటే ప్రధాన విషయంగా, తీసుకోవచ్చు, లేదా అందులోనే ఉంటూ ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, సైకాలజీ లాంటివి తీసుకోవచ్చు. ఇప్పుడే తేల్చమని ఒత్తిడి పెట్టకండి, మేజర్ ప్రకటించడానికి రెండో ఏడాది దాకా సమయం ఉంటుంది. ఇంజనీరింగ్ కాదన్న టెన్షన్ ఉంటే, నాలుగేళ్లలో ఆమె రాసే పేజీలు, ఎదురు ప్రశ్నలకు నిలబడి చెప్పే జవాబులు లెక్కేసుకోండి. ఇంటర్వ్యూ బల్ల ముందు అవే పనికొస్తాయి, నేను పంపిన పిల్లల దగ్గర చూశాను.

తిండికి ఇబ్బంది లేదు, శాకాహారం దొరుకుతుంది. చాలా హాళ్లలో గదిలో రైస్ కుక్కర్ పెట్టుకోనివ్వరు, కొనేముందు నియమాలు చూడండి. ఆవకాయ సీసా మాత్రం ఇచ్చి పంపండి.

ఒక్క పని ఈ వారంలోనే చూసుకోవాలి. ఇలాంటి వాటికి హౌసింగ్ దరఖాస్తు ఒకటి, ప్రోగ్రామ్‌లో చేరడానికి మీ ఆసక్తి తెలిపేది ఒకటి, రెండూ విడివిడిగా ఉండొచ్చు, గడువులూ వేరు కావచ్చు. అమ్మాయి తన విద్యార్థి ఖాతాలోకి వెళ్లి రెండూ చూడాలి. ఏదైనా అర్థం కాకపోతే ఆఫీసుకు ఫోన్ చేయాల్సింది కూడా ఆమే, మీరు పక్కన కూర్చోండి చాలు. ఎందుకు చేరాలనుకుంటున్నావని నాలుగు పేరాలు రాయమని అడిగితే అవి మీరు దిద్దకండి. నాకు చూపించమంటే చూస్తాను, ఇక్కడే రాయమనండి.